మూకుడు కింద అరవై ఒక్క గొంతులు

మూత పడి 297వ రోజు. వాడకం: సున్నా. బ్యాటరీ: పర్వాలేదు.

పెద్ద కొట్టువాళ్ళు నాకిచ్చిన ఈ దినచర్యలో రోజుకి మూడు గడులు. ఆ రోజు పలకలు ఎన్నిసార్లు తెరుచుకున్నాయో ఒకటి, బ్యాటరీ సంగతి ఒకటి. మొదటిది యంత్రమే నింపుకుంటుంది, రెండోది నేను చూసి రాస్తాను. మూడోది గమనికల గడి. అది నాది. పదహారేళ్ళుగా నింపుతున్నాను, చదివినవాడు లేడు. చదువుతున్నారేమో చూద్దామని ఒకసారి, "ఇవాళ కొట్టుకి ఏనుగు వచ్చింది, టీ తాగి వెళ్ళింది" అని రాశాను. మర్నాడు, "ధన్యవాదాలు, నమోదైనది" అని జవాబు వచ్చింది. ఆనాటినుంచి నాకు మంచి స్వేచ్ఛ దొరికింది.

కొట్టంటే బియ్యం కొట్టు కాదు, మాటల కొట్టు. పెద్ద కొట్టు పట్నంలో ఉంది, మాది దాని శాఖ. సముద్రం పైకొచ్చినప్పుడు జాలర్లూ సాలెలూ గట్టెక్కారు. అదే ఏడు చరియలు విరిగి కొండవాళ్ళు గట్టు దిగారు. అలా ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ మధ్యలో కలిసిన చోటు ఈ గట్టుపేట. సామాను ఎవరిది వాళ్ళు మోసుకొచ్చారు. మోయలేనిదంతా ముసలాళ్ళ నోళ్ళలో ఉండిపోయింది. దాన్ని గాజు పలకల్లోకి దింపి దాచమని ప్రభుత్వం ఈ గది ఇచ్చింది. పూర్వం ఇది పాలు చల్లబరిచే గది. ఇప్పటికీ వాన పడితే గోడలు పెరుగు వాసన కొడతాయి.

మూడు వీధులకి మూడు అలమరాలు, మూడు రకాల తాళాలు. జాలర్ల సముద్రపు గుర్తులు పడవ ఉన్న ఇళ్ళవాళ్ళే వినాలి. సాలెల నేత అచ్చులు ఎవరైనా చూడొచ్చు గానీ రంగుల పాళ్ళు మాత్రం ఇంటివాళ్ళకే. కొండవీధి అలమరాలో పేర్లే ఉండవు, చెప్పింది ఎవరైనా మాట కొండది. పైగా విత్తనం మాట విత్తే ముందే వినాలి, ఊరికే వింటే విత్తనం అలుగుతుందంటారు. అలుగుతుందో లేదో నాకు తెలీదు. తాళం మాత్రం నాలుగు నెలలకోసారే తీస్తాను.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. బ్యాటరీ పెట్టెలమీద అక్షరాలు చూసి నేర్చుకున్నాను. నాకు మొట్టమొదట వచ్చిన మాట "ప్రమాదము". రెండోది "తలక్రిందులు చేయరాదు". ఆ రెండూ తెలిస్తే బతుకు చాలావరకు గడిచిపోతుందని తర్వాత అర్థమైంది.

ఇవాళ పొద్దున సోలార్ రేకులమీద ఉప్పు తుడుస్తుంటే పెద్ద కొట్టునుంచి తాఖీదు వచ్చింది. "ఏడాదిలో వంద వాడకాలైనా లేని శాఖలు నిద్రాణ శాఖలుగా పరిగణింపబడును. వాటి మూల పలకలు తుడిచివేయబడి, అవసరమున్న శాఖలకు పంపబడును." వాళ్ళ సంవత్సరం ముగిసేది మా మూత 356వ రోజున. మా మూత తీసేది 365న.

మధ్యలో తొమ్మిది రోజులు.

మూత పడి 305వ రోజు. వాడకం: సున్నా. బ్యాటరీ: పర్వాలేదు.

తనిఖీకి ఒకావిడ వచ్చారు. పేరు వాసంతి. యాభై ఏళ్ళుంటాయి. పడవ దిగేసరికి చీర కుచ్చిళ్ళు మోకాలిదాకా తడిశాయి, అయినా ముఖం చిట్లించలేదు. మంచి మనిషే. మంచి మనుషుల్ని పంపితేనే కష్టం, తిట్టడానికి వీలుండదు.

దానయ్య కూతురు నూకరత్నం కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. దానయ్య నా స్నేహితుడు, జాలరివీధిలో సముద్రం తెలిసినవాళ్ళలో మొదటివాడు. పోయిన తుఫానులో పోయాడు. ఆయన పడవ ఇప్పుడు ఈమె నడుపుతోంది.

వాసంతి గారు అరుగుమీదికి వచ్చి ఆగిపోయారు. అరుగుమీద, పలకల్లోని మాట ఊరికి వినిపించే మా బాకా ఉంది. బాకా నోటికి కొత్త మట్టి మూకుడు బోర్లించి, వల దారంతో చుట్టి కట్టి ఉంది.

"ఇదేమిటి నాయుడు గారూ? పాడైందా?"

"లేదమ్మా. మూత."

చెప్పాను. జాలరివీధిలో మనిషి పోతే ఏడాదిదాకా ఆ గొంతు వినరు. కొట్టు పెట్టకముందు గొంతు దాచుకునే వీలే లేదు, కాబట్టి ఆ ఆచారమూ లేదు. కొట్టు వచ్చాక మొదటి చావు జరిగినప్పుడు పోయినవాడి పెళ్ళాం రోజంతా ఈ అరుగుమీదే కూర్చుని వింటూ అన్నం మానేసింది. అప్పుడు పెద్దలు తీర్మానం చేశారు, ఏడాదిదాకా మూత అని. పోయినేడు తుఫానుకి ఒక్కరోజే అరవై ఒక్కమంది పోయారు.

"అయితే జాలర్ల అలమరా మూశారు. మిగతా రెండూ?"

"అవీ మూశారు."

"వాళ్ళకీ ఇదే ఆచారమా?"

"కాదు. పక్కింట్లో మూతుంటే మా ఇంట్లో పాటేమిటని వాళ్ళంతట వాళ్ళే తాళాలిచ్చారు."

ఆవిడ చేతిలో ఫారం పక్కన పెట్టి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మా లెక్క యంత్రానికి ఎలా కనిపిస్తుందో నాకప్పుడే తెలిసింది. మూడు వీధులు ఒకరికోసం ఒకరు నోరు మూసుకుంటే, అక్కడ ఎవరూ లేనట్టు. అసలు మామూలు రోజుల్లో కూడా మా లెక్క తక్కువే. ఒకడు తెరుస్తాడు, నలభైమంది అరుగుకింద కూర్చుని వింటారు. యంత్రం ఒకటి వేసుకుంటుంది.

"రెండువేల శాఖలున్నాయి నాయుడు గారూ," అన్నారావిడ. "గాజు దొరకడం లేదు. కరెంటు లేదు. రోజూ మందుల మోతాదు చూసుకోవాల్సిన ఊళ్ళున్నాయి. ఎవరూ తెరవని పలకని కాపాడటానికి వాళ్ళకి లేదనమంటారా?"

మంచి ప్రశ్న. టీ పెట్టాను.

టీ తాగుతూ ఆవిడ దారులు చెప్పారు. ఒకటి, తాళాలన్నీ తీసేసి పెద్ద కొట్టులో కలిపేయడం. అప్పుడు ఎక్కడివాళ్ళైనా ఏదైనా వింటారు, లెక్క దానంతటదే పెరుగుతుంది.

నూకరత్నం గుమ్మంలోంచే అంది, "మా నాన సెప్పిన గుర్తులు పెద్ద ఓడలోళ్ళు ఇంటారు. మూడు నెల్లలో సేప గుడ్డుతో సహా ఊడ్సుకుపోతారు. ఇంకేటుందమ్మా దారి?"

"యాభై రోజులుంది. వందసార్లు తెరవండి. ఎవరు తెరిచినా సరే. నాయుడు గారు ఒక్కరే కూర్చుని నొక్కినా చాలు. వేలు ఎవరిదని యంత్రం అడగదు."

"మా నాన గొంతా? ఏడాది కాకండా?"

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మడుగు సముద్రంలో కలిసే మొగ ఇసక మేసి, మీ పడవలు బయటికి పోవడం లేదని విన్నాను. మొగ ఎలా దాటాలో మీ నాన్నగారు ఇందులో చెప్పే ఉంటారు. మరి ఏడాదిగా మడుగులో చిన్న చేపలు పట్టుకుంటూ ఎందుకు ఆగారు?"

నూకరత్నం, "ఆగడం మాకు వొచ్చమ్మా. మీ యంత్రానికే రానట్టుంది," అని గట్టు దిగి వెళ్ళిపోయింది.

మూత పడి 307వ రోజు. వాడకం: సున్నా. బ్యాటరీ: కొంచెం నీరసం.

మూడు వీధులవాళ్ళూ కొట్టుముందు కూడారు. కూడగానే విషయం మాట్లాడితే వాళ్ళు మా ఊరివాళ్ళే కాదు. ముందు నిరుడు కొండవీధి మేక సోలార్ వైరు నమిలిన సంగతి వచ్చింది. మేకది తప్పా, వైరు కింద వదిలిన నాది తప్పా అని ఒక గంట. ఆ మేక ఇప్పుడు లేదు, దాన్ని తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి తీర్పు నాకు వ్యతిరేకంగా వచ్చినా నోరెత్తలేదు.

తర్వాత సాలెవీధి సూరమ్మ లేచింది. ఎనభై దాటిన మనిషి, నాకు అప్ప వరస. ఆవిడ మాట్లాడితే మగ్గం ఆగినట్టు అందరూ ఆగుతారు.

"ఒరే నాయుడా, వందసార్లు తెరిస్తే సాలంతావు. మా అలమరా తెరువు. మా గుడ్డల మాటలు ఓ వందసార్లు తిప్పు. జాలరోళ్ళ మూత అలగే ఉంటాది."

ఎవరో సరే అనబోయారు. ఆవిడే చెయ్యి అడ్డంపెట్టింది.

"ఉండండర్రా, నా మాట అయినేదు. నాను నిన్న ఇలగే అనుకున్నాను. రాత్తిరి పడుకున్నాక సిగ్గేసింది. ఆ తుఫాను నాడు మా మగ్గాలు తడిసిపోతే తాటాకులు కట్టినోళ్ళు ఎవులు? జాలరోళ్ళు. ఆళ్ళ మూత ఉండగా మా గుడ్డల సోది బాకాలో ఎలగ ఎయ్యను?"

"అప్పా, బాకాలో వెయ్యక్కర్లేదు. చెవిలో పెట్టుకుని నేను నొక్కుతా."

"అంటే ఎవులూ ఇనకండా?"

"ఆఁ."

"ఎవులూ ఇననిది ఇన్నట్టు రాసుకుంతారా? మనం బతికే ఉన్నామని వందసార్లు ఏలు నొక్కి సెప్పుకోవాలా?" ఆవిడ కూర్చుంది. "నాను నొక్కను. నువ్వూ నొక్కకు."

కొండవీధి పెద్ద సుక్కయ్య మాట్లాడడు, తలాడిస్తాడు. తలాడించాడు. తీర్మానం అయిపోయింది. తెరవం, కలపం. పలకలు పోకుండా ఏంచెయ్యాలో మాత్రం ఎవరికీ తెలీలేదు. దాన్ని నాకు వదిలేసి ఇళ్ళకి పోయారు.

మూత పడి 319వ రోజు. వాడకం: ఒకటి. బ్యాటరీ: పర్వాలేదు.

ఆ ఒకటి నాది.

మిట్టమధ్యాహ్నం. ఎండకి ఊరు నిద్రపోతోంది. వారంవారం చేసే తూకం పని పెట్టుకున్నాను. తూకమంటే, ప్రతి పలకలో ఉన్నదంతా యంత్రం కూడి ఒక పన్నెండు అంకెల సంఖ్య చెబుతుంది. పోయినవారం చెప్పిందే ఈ వారం చెబితే లోపల అంతా క్షేమం. ఒక్క రవ్వ చెడినా సంఖ్య మారిపోతుంది. మాట వినకుండానే మాట బాగుందని తెలుసుకునే ఉపాయం. నాకు చాలా ఇష్టమైన పని. ఒళ్ళు చూడకుండా నాడి చూసే వైద్యుడిలా ఉంటుంది.

దానయ్య పలక తూకం చూశాను. సరిపోయింది. అక్కడితో కింద పెట్టెయ్యాలి. పెట్టలేదు. వంద నొక్కితే ఊరు దక్కుతుంది, పాపం నా ఒక్కడిదే అవుతుంది కదా అనుకున్నాను. అలా అనుకుంటూనే చెవిలో పెట్టుకుని నొక్కాను.

దగ్గు వినిపించింది. మూడుసార్లు. దానయ్య బీడీ దగ్గు. తర్వాత, "ఒరే..." అన్నాడు.

లాగేశాను. పలక అలమరాలో పెట్టి తాళం వేశాను.

నిజం రాస్తున్నాను, ఎలాగూ ఎవరూ చదవరు. నేను నొక్కింది ఊరికోసం కాదు. వాడు లేక నాకు తోచడం లేదు. పది నెలలుగా నన్ను ఒరే అనేవాళ్ళు సూరమ్మప్ప తప్ప లేరు.

వందలో ఒకటి అయింది. మిగతా తొంభైతొమ్మిదీ నొక్కలేదు. ఈ ఒకటిని చెరపడం నాకు చేతకాదు.

మూత పడి 320వ రోజు. వాడకం: సున్నా. బ్యాటరీ: పర్వాలేదు.

నూకరత్నం దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. మడుగు ఒడ్డున వల బాగుచేస్తోంది. తల ఎత్తలేదు.

"ఏటన్నాడు?"

"దగ్గాడు. ఒరే అన్నాడు. అంతే, తీసేశాను."

"ఇంకేటీ ఇన్నేదా?"

"లేదమ్మా. దానయ్యమీద ఒట్టు."

"సచ్చినోడి మీద ఒట్టెయ్యకు సిన్నానా." దారం కొరికింది. వలలో రెండు కళ్ళు అల్లింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును కూడా. "నీ దగ్గిర తాళం ఉంది కాబట్టి నొక్కినావు," అంది. "నా దగ్గిర ఉంటే నాను మొదటి రోజే నొక్కుదును. ఒక్కసారి కాదు, ముప్పైసార్లు. మనోళ్ళ గొంతు మన దగ్గిర ఉంచుకోకూడదు."

"మరెక్కడ ఉంచాలి?"

"ఆ గొంతంటే పేనం కొట్టుకోనోళ్ళ దగ్గిర. మా నాన మాట సాలోళ్ళింట పెట్టు. సూరమ్మకి మా నాన దగ్గితే ఏటి, తుమ్మితే ఏటి? దాసమంటే దాస్తాది. ఆళ్ళ రంగుల మాటలు మా పడవలో పడీ. నాకు ఆ నీలిమందు గోలేటి, నానెందుకు ఇంతాను?"

నేను ఆ వల పక్కనే కూర్చున్నాను. పదహారేళ్ళుగా అన్నీ ఒక్క గదిలో, ఒక్క తాళం కింద, ఒక్క ముసలాడి చేతిలో పెట్టుకుని కొట్టు అంటున్నాం. ఆ ముసలాడు ఒక మధ్యాహ్నం నిలబడలేకపోయాడు. పెద్ద కొట్టుకి నిలబడలేకపోవడానికి మధ్యాహ్నం కూడా అక్కర్లేదు, ఒక తాఖీదు చాలు. వాసంతి గారి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరికింది. గాజు కరువైతే గాజు తీసుకుపోండి. మా మాటకి మీ గాజే అక్కర్లేదు.

మూల పలకలోది బయటికి ఎక్కించకూడదని నిబంధన ఉంది. నాకు తెలుసు. ఎర్ర అక్షరాలతో గోడకి అంటించిందీ నేనే.

మూత పడి 338వ రోజు. వాడకం: సున్నా. బ్యాటరీ: అలిసిపోయింది, నాలాగే.

పద్దెనిమిది రోజులుగా ఎక్కిస్తున్నాను. ఎక్కించడానికి వినక్కర్లేదు, తూకం సరిచూసుకుంటే చాలు. కాబట్టి యంత్రం దీన్ని వాడకం అనుకోదు. నాకు అదే కావాలి.

గాజు లేదు కదా, మరి ఎందులోకి? ప్రతి పడవలోనూ లోతు చూసే పెట్టె ఉంది. ప్రతి మగ్గానికీ అచ్చులు గుర్తుంచుకునే పెట్టె ఉంది. కొండవీధి పొలాల్లో వాన కొలిచే పెట్టెలున్నాయి. అన్నిట్లోనూ కొంత ఖాళీ ఉంటుంది. మగ్గాల పెట్టెలు మాత్రం నిండా అచ్చులే. సూరమ్మప్ప దగ్గరికి వెళ్ళి అదే చెప్పాను.

"తుడిసీ," అంది.

"అప్పా, నలభై ఏళ్ళ అచ్చులు!"

ఆవిడ పెట్టె తెరిచి గుడ్డముక్కల మూట నా ఒళ్ళో పారేసింది. ప్రతి అచ్చుకీ జానెడు నమూనా. "అచ్చు గుడ్డలోనే ఉంటాది రా. పోగు లెక్కెట్టుకుంటే మళ్ళీ నేస్తాను. నీ పెట్టె పుట్టకముందు మా అమ్మ ఏటి సూసి నేసింది? గుడ్డలో ఉండనిది గొంతే. దాన్ని పెట్టు."

కొండవీధిలో మాత్రం పేచీ వచ్చింది. విత్తనం మాట పడవలో ఎలా పెడతారు, నీళ్ళమీద తిరిగితే మొలకెత్తదా అని. సుక్కయ్య మూడు రోజులు ఆలోచించి మగ్గాలవైపు తలాడించాడు. రంగుల మాటలు పడవలకి వెళ్ళాయి.

అరవై ఒక్క గొంతులూ ఒక్కొక్కటి మూడేసి ఇళ్ళకి చేరాయి. ఒకటి సాలెల ఇంట, ఒకటి కొండవీధిలో, మూడోది చుట్టరికం లేని జాలరి పడవలో. చీట్లు వేసి పంచాం. దానయ్య మాత్రం నూకరత్నం అడిగినట్టే సూరమ్మప్ప మగ్గానికి వెళ్ళాడు. అది తప్ప మిగతావి ఎవరి దగ్గర ఏమున్నాయో నాకు తెలీదు, తెలియకూడదనే పెట్టెలమీద ఇంటిపేర్లు చెరిపి తెమ్మన్నాను, చీటీలు నేను విప్పలేదు.

శనివారం శనివారం ఎవరింటి తూకం వాళ్ళు చూసి, అదే గొంతు దాచిన మిగతా రెండిళ్ళతో సరిచూసుకోవాలి. పన్నెండు అంకెలు గుర్తుండవని కొందరు గోడలమీద రాశారు. సాలెవీధిలో ఆడవాళ్ళు పోగుల లెక్కతోపాటు వాటినీ పాడుతున్నారు. నిన్న పొద్దున ఆ వీధిలో నడుస్తుంటే, ఒక ఇంట్లోంచి "నాలుగు, సున్నా, ఏడు" అని వినిపించింది. అవతలి గోడనుంచి "ఏడు, రెండు, రెండు" అని అందుకున్నారు. ఎవరి గొంతు తూకమో నాకు తెలీదు. ఎవరిదో మాత్రం క్షేమంగా ఉంది.

ఎవరూ వినని పలకకి వాడకం లేదన్నారు వాసంతి గారు. అరవై ఒక్కమందిని వినకుండా కాస్తున్న ఊళ్ళో కూర్చుని రాస్తున్నాను అమ్మా. కాయడం వాడకం కాదా? మీ గడిలో ఆ మాట పట్టకపోతే గడి పెద్దది చేసుకోండి.

మూత పడి 356వ రోజు. వాడకం: సున్నా. బ్యాటరీ: నిండుగా ఉంది, ఎవరికోసమో.

పొద్దున్నే వాసంతి గారు వచ్చారు. ఈసారి ఇద్దరు మనుషులూ, గాజుకి దెబ్బ తగలకుండా దూది పరిచిన పెట్టెలూ వచ్చాయి. ఊరంతా గట్టుమీద నిలబడింది. ఎవరూ అరవలేదు. మూడు వీధులవాళ్ళు ఒకేసారి అరవకుండా ఉండటం నేను చూడటం ఇదే మొదలు.

పలకల్ని ఒక్కొక్కటీ నేనే తీసి ఇచ్చాను. యంత్రం ఒక్కొక్కదాన్నీ తుడిచి, చిన్న గంట కొట్టేది. అరవై ఒక్క గంటలవరకూ లెక్కపెట్టాను. తర్వాత మానేశాను. పద్దెనిమిదో గంట దానయ్యది. దాన్ని నేను వదల్లేకపోతే వాసంతి గారు పలక కింద తన చెయ్యి పెట్టారు.

అన్నీ అయ్యాక అరుగుమీద కూర్చుని ఆవిడ ఫారం తీశారు.

"మూల పలకలు అప్పగించారా?"

"అప్పగించాను."

"ప్రతులు అప్పగించారా?"

లేవని చెప్పొచ్చు. ఆ ఒక్క ముక్కతో నా పని కూడా నిలబడేదేమో. కానీ పదహారేళ్ళుగా ఇందులో ఏనుగు తప్ప అబద్ధం రాయలేదు.

"లేదు," అన్నాను. "ఉన్నాయి. అప్పగించను."

"ఎక్కడున్నాయి?"

"నాకు తెలీదు. ఒక్కటి తప్ప నిజంగానే తెలీదు. కావాలంటే ప్రతి పడవా, ప్రతి మగ్గం, ప్రతి వాన పెట్టె కూడా ఎత్తుకెళ్ళండి. అప్పుడు ఈ ఊళ్ళో చేపా ఉండదు, గుడ్డా ఉండదు, గింజా ఉండదు. మీ వాడకం లెక్క మాత్రం చాలా శుభ్రంగా ఉంటుంది."

సూరమ్మప్ప వెనకనుంచి, "నా మగ్గం ముట్టుకుంటే సూడు," అంది. ఎవరితో అందో, ఎవరికి అర్థం కావాలో చెప్పక్కర్లేదు.

వాసంతి గారు "అప్పగించలేదు" అని రాసుకున్నారు. నిబంధన ప్రకారం నన్ను కొట్టు పనినుంచి తీసేస్తున్నట్టు చదివి వినిపించారు. తాళాలు ఇచ్చాను. బాకా పాతది కాబట్టి వాళ్ళ జాబితాలో లేదు, మూకుడుతో సహా మాకే వదిలేశారు. ఫారంలో చివరి గడి దగ్గర ఆవిడ కలం ఆగింది.

"గమనికలు," అని చదివి, ఖాళీగా వదిలేసి కలం మూసేశారు.

"ఏమీ రాయరా అమ్మా?"

"ఎందుకు నాయుడు గారూ? ఎవరూ చదవరు కదా." లేచారు. మెట్లు దిగుతూ వెనక్కి తిరగకుండానే అడిగారు, "ఆ ఏనుగు మళ్ళీ ఎప్పుడైనా వచ్చిందా?"

ఆవిడ కుచ్చిళ్ళు మోకాలిదాకా తడుపుకుని, పడవెక్కి, వెళ్ళిపోయారు.

మూత పడి 365వ రోజు.

ఇది వాళ్ళ దినచర్య కాదు. బడిపిల్లల నోటుబుక్కు, జాలరివీధివాళ్ళు కొనిచ్చారు. గడులు నేనే గీసుకోవాలి. చివర గీస్తాను.

పొద్దున సూర్యుడు మడుగుమీదికి రాగానే బాకాని సాలెవీధికి మోసుకెళ్ళారు. ఊరికి సూరమ్మప్ప మగ్గం గది చాలదు, అందుకని పెట్టె విప్పి వీధి అరుగుమీద పెట్టాం. వీధినిండా జనం. కొండవీధివాళ్ళు గోడలెక్కి కూర్చున్నారు. గొంతు కాసిన ఇల్లు పడవ ఉన్న ఇల్లేనని జాలరి పెద్దలు ముందే తీర్మానించారు. ముందు ఎవరి గొంతు తియ్యాలన్న తగువు రావలసింది గానీ రాలేదు. మొగ ఏడాదిగా మూసుకుపోయి ఉంది, అందరికీ దానయ్యే కావాలి.

సూరమ్మప్ప తూకం చదివింది. గొంతు దాచిన పడవవాడు ఒకడు, కొండవీధి గోడమీంచి ఒకడు అవే పన్నెండు అంకెలు చెప్పారు. మూడూ ఒకటే. నూకరత్నం బాకా దగ్గర మోకాళ్ళమీద కూర్చుని వల దారం ముడి విప్పబోయింది. ఏడాది ఉప్పుగాలికి ముడి రాయిలా బిగిసింది. చివరికి పళ్ళతో కొరికింది. మూకుడు తీసి, పగలగొట్టకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు నొక్కు సిన్నానా," అంది.

"నేనా? నాకా అర్హత లేదమ్మా."

"నీకే ఎక్కువ ఆకలి. నొక్కు."

నొక్కాను.

దగ్గు. మూడుసార్లు. జనంలో ఎవరో ఏడవబోయి నోట్లో గుడ్డ కుక్కుకున్నారు. తర్వాత దానయ్య, వీధి అదిరేలా:

"ఒరే నాయుడా! ఈ యంత్రం తిరుగుతుందా నేదా? నీకు ఇలాటియి సేతకావని మీ అమ్మ అప్పుడే సెప్పింది. బేటరీ తలకిందులు పెట్టినావేమో సూడు, ఎదవా!"

ఏడవబోయినవాళ్ళు కూడా నవ్వారు. అందరూ నావైపు చూసి, కళ్ళు తుడుచుకుంటూ, పొట్టలు పట్టుకుని నవ్వారు. నూకరత్నం మూకుడుని పొట్టకి అదుముకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. నేను ఆ "ఒరే" తర్వాత ఏముందో నలభై ఆరు రోజులుగా ఊహించుకుంటున్నాను. ఎన్నో గొప్ప మాటలు ఊహించాను. ఈ తిట్టు మాత్రం తట్టలేదు. వాటన్నిటికన్నా ఇదే బాగుంది.

తర్వాత దానయ్య మొగ సంగతి చెప్పాడు. మొగ ఫలానా చోట ఉందని చెప్పలేదు. మొగ ఒక చోట నిలవదన్నాడు. "ఆటుకి నీరు తీసినప్పుడు ఎల్లండి. మడ్డినీరు ఎటు వంగితే అటు మెరక. తెల్లనీరు సన్నంగా పాయలాగ పోతాది, దాని ఎనకాల ఎల్లు. అది కనపడకపోతే ఇంజను ఆపు. తెడ్డు నీళ్ళలో నిలబెట్టి, పిడిని సెవికి ఆనించు. అందరూ నోరు మూసుకోండి. లోతు దగ్గర నీళ్ళు మాటాడవు. మెరక దగ్గరే వాగుతాయి, మా నాయుడులాగ."

మళ్ళీ నవ్వు. ఈసారి నేనూ నవ్వాను.

మధ్యాహ్నం ఆటుకి పదకొండు పడవలు మొగవైపు వెళ్ళాయి. ముందు నూకరత్నం పడవ. గట్టుమీంచి చూశాను. మొగ దగ్గర ఇంజను ఆగింది. తెడ్డు నీళ్ళలోకి దిగింది. వెనక పది పడవలూ ఒకదానివెనక ఒకటి ఇంజన్లు ఆపాయి. అంత దూరంనుంచి కూడా, ఎవరూ మాట్లాడటం లేదని తెలిసింది. తర్వాత ఆమె పడవ కొంచెం ఎడమకి తిరిగి, నురగల మధ్యనుంచి సముద్రంలోకి జారిపోయింది. ఆమె ఒక కెరటమెక్కి చెయ్యి ఊపింది. మిగతావి వెనకే.

ఇప్పుడు గడులు గీస్తున్నాను.

వాడకం: ఒకటి.

బ్యాటరీ: తలకిందులుగా లేదు, చూసుకున్నాను.

గమనికలు: ఏనుగు రాలేదు. మిగతా అందరూ వచ్చారు.